కర్నల్ సార్ వెతికిన డ్రైవరు

మొదటి రోజు నేను వెనక తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన ఆ తలుపు తనే మూసేసి, ముందుకొచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. సౌదీలో, రాస్ తనూరాలో కంపెనీ బండ్లు నడపడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్ళు. అంతవరకు ఏ పెద్దసారూ నా పక్కన కూర్చోలేదు. బెల్టు పెట్టుకుంటూ "రాత్రి బాగా నిద్రపోయావా?" అని అడిగారు. మర్యాదకి అడిగారనుకుని "యెస్ సార్" అన్నాను. మర్నాడూ అడిగారు. ఆ తర్వాత మూడేళ్ళు, పొద్దున బండెక్కిన ప్రతిసారీ అడిగారు.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రం. మొదట్లో సగం మాటలు, సగం చేతులతో నడిపించాం. తర్వాత్తర్వాత నాకు ఆయన ఇంగ్లీషు అలవాటైంది, నా ఇంగ్లీషు ఆయనకి అర్థమవడం మొదలైంది. ఆయన చెప్పినవి ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

ఆయన అమెరికా సైన్యంలో కర్నల్‌గా రిటైరయ్యారు. మా కంపెనీ రిఫైనరీకి సామాన్లు చేరవేసే కాంట్రాక్టు కంపెనీ. అందులో రోడ్డు సేఫ్టీ చూసుకోడానికి ఆయన్ని తెచ్చారు. అందరం కర్నల్ సార్ అనేవాళ్ళం. సైన్యం మనిషంటే గొంతు పెద్దగా ఉంటుందనీ, తప్పు చేస్తే తిడతాడనీ అనుకున్నాం. ఆయన గొంతు చాలా చిన్నది. పొద్దున్నే ట్రైలర్ డ్రైవర్లందరినీ యార్డులో నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడేవారు. రోజూ ఒకటే మాట. "నిద్రొస్తే ఆపండి. ఎక్కడైనా సరే, పక్కకి తీసి ఆపి పడుకోండి. సరుకు ఆలస్యమైతే నా పేరు చెప్పండి. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు."

పాకిస్తానీ డ్రైవర్లు వెనక నిలబడి నవ్వుకునేవాళ్ళు. "ఈ సాబ్ మనకి జోలపాట పాడటానికొచ్చాడు" అని వాళ్ళలో ఒకడు హిందీలో అంటే నేనూ నవ్వాను. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మేమిద్దరం జుబైల్‌కీ దమ్మామ్‌కీ తిరుగుతుండగా ఆయన తన సంగతులు కొంచెం కొంచెంగా చెప్పేవారు. వాళ్ళ నాన్నకి పాడి ఆవులు. చలికాలం తెల్లారేసరికి మోకాలి దాకా మంచు. స్కూలుకి పోయే ముందు ఆవుల్ని పిండి, పేడ ఎత్తాలి. కాలేజీ చదువు చెప్పిస్తామన్నారని సైన్యంలో చేరారు. ఆఫీసరై భుజం మీద మొదటి గుర్తు పెట్టించుకున్న రోజు వాళ్ళమ్మ ఒక్కతే వచ్చింది. ఆవుల్ని ఎవరు పిండుతారని నాన్న రాలేదట. "నాకు కోపం రాలేదు. నిజంగానే ఎవరు పిండుతారు?" అన్నారు. మా ఇంట్లో రెండు బర్రెలుండేవి కాబట్టి ఆ మాట నాకు బాగా అర్థమైంది. బర్రె ఈనే రోజని మా నాయిన నా పెళ్ళిచూపులకే రాలేదని చెప్పాను. ఆ రోజు చాలా దూరం ఇద్దరం నవ్వుకుంటూ వచ్చాం.

సైన్యంలో ఆయన పని యుద్ధం చేయడం కాదు, యుద్ధం చేసేవాళ్ళకి సామాన్లు చేర్చడం. లారీలు, ట్రైలర్లు, రోడ్లు, టైములు. ముందు లెఫ్టినెంట్, తర్వాత కెప్టెన్, మేజర్, అట్లా పైకి పోయారు. పెళ్ళయ్యాక భార్యతో పద్నాలుగు ఇళ్ళు మారారు. ఇరాక్‌లో ఉన్నప్పుడు ఆయన కింద పనిచేసే పిల్లలు కొందరు రోడ్డు మీద పెట్టిన బాంబులకి చనిపోయారు. ఒక్కొక్కరి ఇంటికీ ఆయనే చేత్తో ఉత్తరం రాశారు. చివరి కొన్నేళ్ళు ఆఫీసులో కుర్చీ పని. ఇక రిటైరై ఇంట్లో కలిసి ఉందామనుకున్న ఏడాదే భార్యకి కాన్సర్ వచ్చింది. ఆమె పోయాక ఆ ఇంట్లో ఉండలేక ఈ ఉద్యోగం ఒప్పుకుని వచ్చేశారు. ఒక కూతురు, స్కూల్లో టీచరు. వారానికోసారి ఫోన్ చేసేది. ఆయన "బాగున్నాను, ఎండ బాగుంది" అని పెట్టేసేవారు.

ఆయన వచ్చిన రెండో ఏడు మా ట్రైలరొకటి జుబైల్ రోడ్డు మీద పడిపోయింది. మేం వెళ్ళేసరికి పోలీసులున్నారు. డ్రైవరు బంగ్లాదేశ్ అతను. కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదు, అప్పటికే అంబులెన్సులో పడుకోబెట్టారు. కర్నల్ సార్ వంగి అతని పేరడిగారు. అతను చెప్పాడు. స్పెల్లింగ్ అడిగారు. తండ్రి పేరడిగారు. ఊరడిగారు. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. రాస్తుంటే పెన్ను చేతిలోంచి జారి కింద పడింది. నేను తీసిచ్చాను.

తిరిగొస్తూ, "ఎక్కడైనా ఆపు" అన్నారు. పెట్రోల్ బంకు పక్కన నీడలో ఆపాను. ఇంజను ఆపలేదు, ఏసీ కోసం. అప్పుడు చెప్పారు.

ముప్పై ఏళ్ళ కింద, కువైట్ యుద్ధమప్పుడు, ఆయన మొదట వచ్చింది ఈ దేశానికే. అప్పుడాయన పాతికేళ్ళ లెఫ్టినెంట్. దమ్మామ్ రేవులో దిగిన సామాన్లు ఉత్తరాన ఎడారిలో ఉన్న సైన్యానికి చేర్చాలి. లారీలు చాలలేదు. స్థానిక కాంట్రాక్టర్ల దగ్గర లారీలు, డ్రైవర్లు కిరాయికి తీసుకున్నారు. ఆ డ్రైవర్లు పాకిస్తానీలు, బంగ్లాదేశీలు, మనవాళ్ళు. పాత నూనె పైపు వెంబడి పోయే రోడ్డది, అందరూ ట్యాప్‌లైన్ రోడ్డు అంటారు. అప్పట్లో ఎదురెదురుగా ఒకటే వరస. ఈయన ముందు జీపులో, వెనక ఇరవై లారీలు.

ఒకరోజు మధ్యాహ్నం డీజిలు కోసం ఆగారు. ఒక డ్రైవరు దిగి ఈయన దగ్గరికొచ్చాడు. భాష తెలీదు. "ఇండియా, ఇండియా" అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించుకున్నాడు. తర్వాత రెండు అరచేతులూ కలిపి చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసి చూపించాడు. ఒక వేలు ఎత్తాడు. ఒక్క గంట.

కర్నల్ సార్ అది నాకు చేసి చూపించారు. అంత పెద్దమనిషి, తెల్ల జుట్టు, చెంప కింద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే నేను అటు చూడలేక రోడ్డు వైపు తిరిగాను.

"నేనేం చేశానో తెలుసా? నా వాచీ చూపించాను. ఇట్లా వేలితో కొట్టి చూపించాను. అతను తలూపి వెళ్ళి లారీ ఎక్కాడు. ఎదురు చెప్పలేదు."

గంట తిరక్కముందే ఆ లారీ రోడ్డు దిగి బోల్తా పడింది. అందులో ఉన్నది తాగే నీళ్ళ సీసాలు. సీసాలన్నీ పగిలి ఇసక తడిసిపోయింది. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. కాన్వాయ్ ఆపకూడదని ఆర్డరు. సైన్యం పోలీసులకి వైర్‌లెస్‌లో చెప్పి ముందుకి సాగిపోయారు. మూడోరోజు తిరిగొస్తుంటే లారీ అక్కడే ఉంది, మనిషి లేడు. కాంట్రాక్టరు మనిషిని అడిగితే చేతులు దులుపుకున్నట్టు చూపించి "ఖల్లాస్" అన్నాడు.

"పేరు?" అన్నాను నేను.

"అడగలేదు. నా కాగితాల్లో అతను లారీ నంబరు మాత్రమే. ఆ నంబరు కూడా ఇప్పుడు గుర్తులేదు."

యుద్ధం అయ్యాక ఆ పనికి ఆయనకి మెడల్ ఇచ్చారు. ఒక్క ప్రాణమూ పోకుండా సరుకంతా చేర్చినందుకు అని దాని కాగితం మీద రాసి ఉందట. కిరాయి డ్రైవర్లు సైన్యం మనుషుల కింద రారు కాబట్టి ఆ మాట తప్పు కూడా కాదట. "మా నాన్న దాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టాడు. సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా దాని కిందే కూర్చుని భోజనం చేసేవాణ్ణి" అన్నారు.

బండి కదిలించాను.

తర్వాతి వారం ఆయనే అడిగారు. "శుక్రవారం నీకు సెలవు. అడగకూడదు. ఆ రోడ్డు మీదికి నాతో వస్తావా?"

తెల్లారగానే బయల్దేరాం. నైరియా ఊరి దాకా మాట్లాడుతూనే ఉన్నారు, అది దాటి ట్యాప్‌లైన్ రోడ్డెక్కాం. రోడ్డిప్పుడు పెద్దది, మధ్యలో డివైడరుంది. పక్కన తుప్పు పట్టిన పైపు అక్కడక్కడా ఇసకలో కనిపించి మాయమవుతోంది. ఆయన కిటికీ దించి తల బయటపెట్టి చూస్తున్నారు. "ఇక్కడ ఆపు" అంటారు. దిగి నాలుగడుగులు నడిచి, చుట్టూ చూసి, తల అడ్డంగా ఊపి వచ్చి కూర్చుంటారు. అట్లా ఏడెనిమిది సార్లు ఆపాం. ఒకచోట ఒంటెలు, ఒకచోట పాత టైర్లు. అంతా ఒకటే ఇసక. "ఒక మలుపుండేది" అంటారు. మేం పోయిన దారిలో మలుపన్నదే లేదు.

హఫర్ అల్ బాతిన్ ఊరికి ఇవతల లారీలు ఆగే చోటుకి చేరేసరికి నమాజు టైమైంది. దుకాణాలన్నీ షట్టర్లు దించేశారు. బండిలోనే కూర్చున్నాం. అప్పుడు నేనడిగాను, "ఆ మనిషి ఒంటి మీద ఏమన్నా చూశారా సార్? మెడలో, చేతికి?"

చాలాసేపు ఆలోచించి, "కుడి చేతికి ఎర్ర దారం" అన్నారు. నా వైపు ఆశగా చూశారు, దాన్నిబట్టి నేనేదో చెప్తానని. మా దిక్కు గుడికి పోయినవాళ్ళూ కట్టుకుంటారు, దర్గాకి పోయినవాళ్ళూ కట్టుకుంటారు. అదే చెప్పాను. ఆయన తల దించుకున్నారు.

కాసేపటికి, "ఇన్ని ఉత్తరాలు రాశాను. అతని ఇంటికి రాయాలంటే ఏం రాయాలో తెలీదు. మీ ఇళ్ళల్లో అయితే ఏం తెలుసుకోవాలనుకుంటారు?" అని అడిగారు.

మా బావ సంగతి చెప్పాను. రియాద్‌లో కట్టడం పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. పెట్టెతో పాటు నేనే వెళ్ళాను. శంషాబాద్ నుంచి అంబులెన్సులో ఊరికి తీసుకుపోయేసరికి మా అక్క గడప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కంపెనీ ఏమన్నది, తప్పెవరిది, ఏమీ అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, "తమ్మీ, ఆ రోజు బువ్వ తిన్నడా?" అన్నది. నేనున్నది రాస్ తనూరాలో, ఆయన పోయింది రియాద్‌లో. నాకేం తెలుసు? "తిన్నడక్కా, మంచిగ తిన్నడు" అన్నాను. ఇప్పటికీ ఆమె అదే నమ్ముకుని ఉంది.

కర్నల్ సార్ ముందుకి చూస్తూ విన్నారు. "నా జీపులో తిండి ఉండింది" అన్నారు. "పెట్టెల కొద్దీ ఉండింది. అతను తిన్నాడో లేదో నాకు తెలీదు." ఆయన ఏడవలేదు. అద్దం మీద చెయ్యి ఆనించి, షట్టర్లు తెరుచుకునేదాకా అట్లాగే ఉన్నారు.

అక్కడ ఒక ముసలి పఠాన్ మెకానిక్కు దొరికాడు. ఆ యుద్ధం రోజుల నుంచీ అక్కడే లారీలు బాగుచేస్తున్నాడట. హిందీలో అంతా చెప్పి అడిగాను. అతను నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "ఆ రోజుల్లో ఎంతమంది పోయారో ఎవరికెరుక బేటా? కొందర్ని ఇక్కడి ఖబ్రస్తాన్‌లో పెట్టారు. కొందరి శవాలు ఆసుపత్రిలో కాయితాల కోసం ఉండి ఉండి ఇళ్ళకి పోయాయి. పేరు చెప్పు, గుర్తుంటే చెప్తా" అన్నాడు.

పేరు లేదన్నాను. అతను కర్నల్ సార్‌ని కిందినుంచి మీదికి చూసి, "ఇన్నేళ్ళకి ఈయనకెందుకు?" అని నన్నడిగాడు. "ఆ డ్రైవరు ఈయన దగ్గర పనిచేశాడు" అన్నాను. ముసలాయన లోపలికెళ్ళి మా ఇద్దరికీ చాయ్ తెచ్చాడు.

ఖబ్రస్తాన్ గోడ బయట బండి ఆపమన్నారు. ఇక్కడ సమాధుల మీద పేర్లు రాయరు. మట్టి కుప్పలు, తల దగ్గరొక రాయి, కనుచూపు మేర అంతే. లోపలికి పోలేదు. టోపీ తీసి, ఎండలో గోడ బయటే నిలబడ్డారు. ఎంతసేపో నేను చూడలేదు. బండిలోకి వచ్చేసరికి మెడంతా ఎర్రగా కాలిపోయింది.

ఆ తర్వాత నా రూమ్మేటు సాయం తీసుకున్నాం. ఆయన రాయచోటి మనిషి, మా కంపెనీ ఆఫీసులో క్లర్కు. అరబ్బీ, ఇంగ్లీషు రెండూ బాగా రాస్తాడు. సంగతంతా విని, "పేరు లేకుండా మనిషిని యాడని ఎతుకుతాం సార్? అయినా రాస్తాం, పోయేదేముంది" అన్నాడు. బలదియాకి, అంటే అక్కడి మునిసిపాలిటీకి, అరబ్బీలో ఒకటి, ఎంబసీకి ఇంగ్లీషులో ఒకటి రాసిచ్చాడు. పాత కాంట్రాక్టరు ఎవరో వెతికాడు. ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయిందట. ఎంబసీ నుంచి మర్యాదగా జవాబొచ్చింది, పేరుగానీ పాస్‌పోర్టు నంబరుగానీ పంపితే చూస్తామని. బలదియా నుంచి ఏదీ రాలేదు. మెడల్ కాగితంలో ఆ వాక్యం మార్చమని కర్నల్ సార్ తన దేశానికి కూడా రాశారు. అంత పాత కాగితాలు ఇప్పుడు తిరగరాయడం కుదరదన్నారు. అప్పుడాయన మెడల్‌ని కూతురి చేత గోడ మీదినుంచి తీయించి వెనక్కి పంపించేశారు. ఎందుకో ఆ అమ్మాయికి చెప్పలేదు.

మూడో ఏడు చలికాలంలో దగ్గు మొదలైంది. మనిషి చూస్తుండగానే తగ్గిపోయారు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా తిరిగేది. దమ్మామ్ ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఊపిరితిత్తులన్నారు. యుద్ధమప్పుడు మండిన నూనెబావుల పొగ వల్లనా అని డాక్టరుని అడిగారట. ఇప్పుడెట్లా చెప్పగలమన్నాడట ఆయన. ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కంపెనీ వేసింది.

ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళిన రోజు ఒక్క పెట్టె. లోపలికి పోయే ముందు నన్ను దగ్గరికి తీసుకున్నారు. ఎముకలు తగిలాయి. "ఆ పని కాలేదు" అన్నారు.

"మీరు వెతికిన్రు గద సార్" అన్నాను, ఆ క్షణంలో నోట్లోంచి తెలుగే వచ్చింది. మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను.

"ముప్పై ఏళ్ళ తర్వాత" అన్నారు. పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయారు. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవడం అద్దాల్లోంచి కనిపించింది.

ఆయన స్థానంలో వేరొకాయన వచ్చారు. మంచివాడే. నాకు ఇంకో బండిచ్చారు. యార్డులో పొద్దున మీటింగు రెండు నిమిషాలకి తగ్గింది. ట్రైలర్ డ్రైవర్లే ఒకరోజు నన్నాపి, "కర్నల్ సాబ్ ఎట్లా ఉన్నారు?" అని అడిగారు. జోలపాటన్న మనిషి కూడా వాళ్ళలో ఉన్నాడు. నాకు తెలీదన్నాను.

నాలుగు నెలలకి నా ఫోనుకి తెలీని నంబరు నుంచి మెసేజొచ్చింది. ఆయన కూతురు. నాన్న పోయిన నెల చనిపోయారని, ఆయన ఫోన్లో నా నంబరు దొరికిందని రాసింది. ఒక ఫోటో పంపింది. సైనికుల శ్మశానం వద్దన్నారట, వాళ్ళ నాన్న పక్కనే పెట్టమన్నారట. పచ్చగడ్డిలో చిన్న రాయి. దాని మీద పేరు, రెండు తేదీలు. కర్నల్ అని ఎక్కడా లేదు. నేను రిఫైనరీ గేటు దగ్గర వరసలో ఉన్నాను. వెనకవాళ్ళు హారన్ కొడుతున్నా తొందరగా కదలలేకపోయాను.

సాయంత్రం ఇంకో మెసేజు పంపింది. "చివరి రోజుల్లో నాన్న ఒక రోడ్డు గురించి, మీ గురించి మాట్లాడేవారు. మీరిద్దరూ ఎక్కడికి వెళ్ళారు? ఎందుకు వెళ్ళారు? నాతో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు."

రాయచోటి భాయ్‌కి చూపించాను. "చెప్పుప్పా. కూతురు గదా, తెలుసుకోవల్ల" అన్నాడు. "కన్నతండ్రే చెప్పనిది నేనెట్ల చెప్పాలె?" అన్నాను. "ఆయప్ప చెప్పలేకపోయినాడు. నువ్వు చెప్పగలవు గదా" అన్నాడు. నేను కాసేపు టైపు చేసి చెరిపేశాను. మళ్ళీ చేశాను. చివరికి, ఆయనకి ఎడారి చూడాలనిపిస్తే తీసుకెళ్ళాను మేడమ్, చాలా మంచి మనిషి, నాతో సమానంగా కూర్చునేవారు అని మాత్రం పంపాను.

వెంటనే జవాబొచ్చింది. "థాంక్యూ. చివరి రోజుల్లో నాన్న నిద్రలో ఎవరికో సారీ చెప్పేవారు. అమ్మకేమో అనుకున్నాను. మీకు తెలుసా?"

అది వచ్చి ఏడాది దాటింది. రాయచోటి భాయ్ అప్పుడప్పుడూ అడుగుతాడు, జవాబిచ్చావా అని. ఇంకా ఇవ్వలేదు.